పౌరుడి ఆలోచన, రాజ్య సంస్కరణ: జయప్రకాశ్ నారాయణ్ ప్రతిపాదనలు – ఒక పరిశీలన

5.0 లక్ష్యాలు

ఈ పాఠ్యభాగం చదివిన తరువాత మీరు:
- లోక్‌సత్తా వ్యవస్థాపకుడు డాక్టర్ ఎన్. జయప్రకాశ్ నారాయణ్ చేసిన ముఖ్య సంస్కరణ ప్రతిపాదనలను వివరించగలుగుతారు.
- వాటిలో ఏవి చట్టాలయ్యాయో, ఏవి ఆగిపోయాయో, ఎందుకు ఆగిపోయాయో విశ్లేషించగలుగుతారు.
- ఏ సంస్కరణ ప్రతిపాదననైనా మీరే పరీక్షించి చూసే పద్ధతిని తెలుసుకుంటారు.

5.1 ప్రస్తావన

ప్రభుత్వాన్ని ఎలా సంస్కరించాలి అన్న ప్రశ్నకు సమాధానం చెప్పే హక్కు ఎవరికి ఉంది? మంత్రులకు, పార్లమెంటు సభ్యులకు, న్యాయమూర్తులకు మాత్రమే అని చాలామంది అనుకుంటారు. రాజ్యాంగం అలా అనలేదు. పదవిలో లేని పౌరుడు కూడా రాజ్య నిర్మాణాన్ని గురించి ఆలోచించవచ్చు, ప్రతిపాదించవచ్చు, న్యాయస్థానానికి వెళ్లవచ్చు, ప్రజలను ఒప్పించవచ్చు. అయితే ఆ ఆలోచన చట్టంగా మారాలంటే ఎవరి అంగీకారం కావాలి? ఈ పాఠంలో అసలు ప్రశ్న ఇదే.

మీలో కొందరు చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయంలో, అశోక్‌నగర్ గదుల్లో కూర్చుని గ్రూప్స్ పరీక్షల కోసం పాలిటీ పుస్తకాలు చదువుతూ ఉండవచ్చు. వాటిలో అధికరణలు, సవరణలు, సంవత్సరాలు ఉంటాయి. ఆ సవరణ ఎవరి అధికారాన్ని తగ్గించింది, ఎవరికి అధికారం ఇచ్చింది అన్నది సాధారణంగా ఉండదు. ఈ పాఠాన్ని ఆ రెండో ప్రశ్నతో చదవండి.

5.2 ఒకే పేరు, ఇద్దరు వ్యక్తులు

పరీక్షా పత్రాల్లో తరచు కనిపించే ఒక పొరపాటును ముందుగానే తొలగించుకుందాం. 'జేపీ' అనే పేరుతో ఇద్దరు ప్రసిద్ధులున్నారు. మొదటివారు బిహార్‌కు చెందిన లోక్‌నాయక్ జయప్రకాశ్ నారాయణ్ (1902–1979). సోషలిస్టుగా, సర్వోదయ నాయకుడిగా పనిచేసి 1974లో 'సంపూర్ణ విప్లవం' పిలుపునిచ్చారు. పార్టీలు లేని ప్రజాస్వామ్యాన్ని ఆయన కోరుకున్నారు. మన తెలుగు నేలపై విజయవాడ నాస్తిక కేంద్రం స్థాపకుడు గోరా కూడా పార్టీరహిత ప్రజాస్వామ్యాన్ని ప్రచారం చేశారు.

ఈ పాఠంలోని జయప్రకాశ్ నారాయణ్ రెండవవారు. 1956లో జన్మించారు. గుంటూరు వైద్య కళాశాలలో చదివిన వైద్యుడు. 1980లో ఐఏఎస్‌లో చేరి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో జిల్లా కలెక్టరుగా, మరి కొన్ని ముఖ్య పదవుల్లో పనిచేశారు. 1996లో ఉద్యోగానికి రాజీనామా చేసి, హైదరాబాద్ కేంద్రంగా లోక్‌సత్తా ఉద్యమాన్ని సహచరులతో కలిసి నిర్మించారు. ఆ ఉద్యమం 2006లో రాజకీయ పార్టీగా మారింది. 2009లో ఆయన కూకట్‌పల్లి నుంచి శాసనసభకు ఎన్నికయ్యారు. 2014లో మల్కాజిగిరి లోక్‌సభ స్థానంలో ఓడిపోయారు. 2016లో లోక్‌సత్తా పార్టీ ఎన్నికల రాజకీయాలకు దూరమైంది.

లోక్‌నాయక్‌కూ, గోరాకూ ఈయనకూ మధ్య ముఖ్యమైన భేదం ఒకటుంది. ఈయన పార్టీలను వద్దనలేదు. పార్టీలు లేకుండా ప్రజాస్వామ్యం నడవదని, వాటిని బాగుచేసే నియమాలు కావాలని అన్నారు.

5.3 సమస్య ఎక్కడుంది? – ఆయన నిర్ధారణ

మంచివాళ్లు రాజకీయాల్లోకి వస్తే దేశం బాగుపడుతుందని మనం తరచు అంటూ ఉంటాం. జయప్రకాశ్ నారాయణ్ ఆలోచన ఇక్కడే వేరుపడుతుంది. సమర్థుడైన కలెక్టరు ఒక జిల్లాలో కొన్ని పనులు చేయించగలడు. బదిలీ కాగానే పరిస్థితి మళ్లీ మొదటికి వస్తుంది. కాబట్టి వ్యక్తుల మంచితనం మీద ఆధారపడే పాలన నిలవదు. మంచిగా ప్రవర్తిస్తే లాభం, చెడుగా ప్రవర్తిస్తే నష్టం కలిగేలా నియమాలను మార్చాలి. ఆయన ప్రతిపాదనలన్నింటికీ పునాది ఇదే.

ఆయన నిర్ధారణ ప్రకారం మన వ్యవస్థలో మూడు సంబంధాలు తెగిపోయాయి.

మొదటిది, ఓటుకూ ప్రజాప్రయోజనానికీ మధ్య సంబంధం. ఓటు వేస్తే మా వీధికి ఏమి ఒరుగుతుంది అన్నది ఓటరుకు కనిపించదు. అందువల్ల చేతికి అందిన డబ్బు, కులం, తాత్కాలిక తాయిలం ముఖ్యమవుతాయి.

రెండవది, పన్నుకూ సేవకూ మధ్య సంబంధం. మనం సబ్బు కొన్నా, పెట్రోలు కొన్నా పన్ను కడతాం. ఆ డబ్బు ఢిల్లీకి, రాష్ట్ర రాజధానికి వెళుతుంది. అందులో మన వీధికి ఎంత తిరిగి వచ్చిందో తెలియదు. కాబట్టి అది మన డబ్బే అన్న భావన కలగదు.

మూడవది, అధికారానికీ జవాబుదారీతనానికీ మధ్య సంబంధం. అధికారం ఉన్నవాడు పని జరగకపోతే మరొకరిపై నెపం వేయగలడు. జవాబు చెప్పాల్సినవాడికి అధికారమే ఉండదు.

ఈ మూడింటినీ మళ్లీ కలపడమే సంస్కరణ అని ఆయన వాదన.

5.4 ప్రధాన ప్రతిపాదనలు

5.4.1 ఓటరుకు సమాచారం

1999 శాసనసభ ఎన్నికల సమయంలో లోక్‌సత్తా నేరచరిత్ర ఉన్న అభ్యర్థుల జాబితాను ప్రకటించింది. అప్పటికి అభ్యర్థి తన కేసులను, ఆస్తులను వెల్లడించాలన్న నియమం లేదు. అదే ఏడాది జస్టిస్ బి.పి. జీవన్‌రెడ్డి అధ్యక్షతన లా కమిషన్ ఇచ్చిన 170వ నివేదిక ఎన్నికల చట్టాల్లో విస్తృత సంస్కరణలను సూచించింది. ప్రజాస్వామ్య సంస్కరణల సంఘం ఢిల్లీ హైకోర్టులో ప్రజాప్రయోజన వ్యాజ్యం వేసింది. అది సుప్రీంకోర్టుకు చేరి, 2002 మే 2న తీర్పు వచ్చింది. అభ్యర్థుల నేరచరిత్ర, ఆస్తులు, అప్పులు, విద్యార్హతలను తెలుసుకునే హక్కు ఓటరుకు ఉందని కోర్టు చెప్పింది.

తరువాత జరిగింది గమనించండి. దాదాపు అన్ని పార్టీలూ ఏకమై ఈ తీర్పు పరిధిని తగ్గించే చట్ట సవరణ తెచ్చాయి. ఆస్తులు, విద్యార్హతల వెల్లడిని అభ్యర్థికి తప్పించాయి. పౌరహక్కుల ప్రజాసంఘం, లోక్‌సత్తా, ప్రజాస్వామ్య సంస్కరణల సంఘం సుప్రీంకోర్టును ఆశ్రయించాయి. 2003 మార్చి 13న కోర్టు ఆ నిబంధనను కొట్టివేసింది. నేడు ప్రతి అభ్యర్థి నామినేషన్‌తో సమర్పించే అఫిడవిట్‌కు మూలం ఇదే.

5.4.2 పార్టీల నిధులు

రాజకీయాలకు డబ్బు కావాలి. దాన్ని దాచిపెట్టి తెచ్చుకునే అవసరం లేకుండా చేయాలన్నది రెండవ ప్రతిపాదన. 2003లో వచ్చిన ఎన్నికల చట్టాల సవరణ ప్రకారం పార్టీలకు విరాళమిచ్చే వ్యక్తులకు, కంపెనీలకు ఆదాయపు పన్ను మినహాయింపు లభించింది. 20,000 రూపాయలకు మించిన విరాళాల వివరాలను పార్టీలు ఎన్నికల సంఘానికి తెలపాలి. ఈ చట్టం కోసం లోక్‌సత్తా గట్టిగా ప్రచారం చేసింది.

అయితే గెలిచిన సంస్కరణ శాశ్వతంగా నిలుస్తుందన్న హామీ లేదు. 2018లో అమలులోకి వచ్చిన ఎన్నికల బాండ్ల పథకం విరాళాలిచ్చేవారి పేర్లను ప్రజలకు తెలియకుండా చేసింది. 2024 ఫిబ్రవరి 15న సుప్రీంకోర్టు దాన్ని రాజ్యాంగ విరుద్ధమని కొట్టివేసేవరకు ఆ పరిస్థితి కొనసాగింది.

5.4.3 దామాషా ప్రాతినిధ్యం

మన లోక్‌సభ, శాసనసభ ఎన్నికల్లో నియోజకవర్గంలో ఎక్కువ ఓట్లు వచ్చిన ఒక్కరే గెలుస్తారు. మిగిలిన ఓట్లకు సభలో విలువ ఉండదు. దీని ఫలితం ఎలా ఉంటుందో ఆంధ్రప్రదేశ్‌లో జరిగిన రెండు ఎన్నికలు చక్కగా చూపిస్తాయి. 2019లో తెలుగుదేశం పార్టీకి సుమారు 39 శాతం ఓట్లు వచ్చాయి. 175 స్థానాల్లో గెలిచినవి 23. 2024లో వైఎస్సార్ కాంగ్రెస్ పార్టీకి కూడా సుమారు 39 శాతం ఓట్లే వచ్చాయి. గెలిచినవి 11. ఓట్ల దామాషాలో లెక్కిస్తే ఈ రెండు సందర్భాల్లోనూ 68 స్థానాల వరకు రావాలి. ఇందులో ఏ పార్టీ తప్పూ లేదు, ఇది పద్ధతిలో ఉన్న లక్షణం. ఒక ఎన్నికలో దానివల్ల నష్టపోయిన పార్టీయే మరో ఎన్నికలో లాభపడింది.

జయప్రకాశ్ నారాయణ్ వాదనలో అసలు అంశం న్యాయం ఒక్కటే కాదు, డబ్బు కూడా. ఒక నియోజకవర్గంలో కొన్ని వేల ఓట్ల తేడాతో సర్వస్వం గెలుస్తారు లేదా సర్వస్వం కోల్పోతారు. అలాంటప్పుడు ఆ కొన్ని వేల ఓట్లను ఎలాగైనా రాబట్టగల అభ్యర్థినే పార్టీ వెతుకుతుంది. ధనబలం, కండబలం, కులబలం ఉన్నవారికి టికెట్ దక్కేది అందుకే. రాష్ట్రం మొత్తం మీద వచ్చిన ఓట్లను బట్టి స్థానాలు దక్కితే, ఒక్కచోట డబ్బు కుమ్మరించడం వల్ల ప్రయోజనం తగ్గుతుంది. పార్టీ ప్రతిష్ఠ, విధానం ముఖ్యమవుతాయి.

ఈ పద్ధతి మనకు పూర్తిగా కొత్త కాదు. రాష్ట్రపతి, రాజ్యసభ ఎన్నికల్లో దామాషా పద్ధతిలో ఒకే బదిలీ ఓటు ఉంది. లోక్‌సభకు కూడా దామాషా పద్ధతి ఉండాలని రాజ్యాంగ సభలో సవరణలు వచ్చాయి. అక్షరాస్యత తక్కువగా ఉండటం, సుస్థిర ప్రభుత్వం అవసరం కావడం కారణాలుగా చూపి డాక్టర్ అంబేద్కర్ వాటిని అంగీకరించలేదు. జర్మనీలో నియోజకవర్గాల పద్ధతినీ, పార్టీ జాబితాల పద్ధతినీ కలిపి, చిన్న పార్టీలు మితిమీరకుండా 5 శాతం కనీస ఓట్ల నియమం పెట్టారు. న్యూజిలాండ్ 1993లో ప్రజాభిప్రాయ సేకరణ జరిపి, 1996 ఎన్నికల నుంచి మిశ్రమ పద్ధతికి మారింది. ముందు చెప్పిన లా కమిషన్ 170వ నివేదిక కూడా పాక్షికంగా జాబితా పద్ధతిని సూచించింది. అది అమలు కాలేదు.

5.4.4 రాష్ట్ర ప్రభుత్వాధినేత ప్రత్యక్ష ఎన్నిక

రాజ్యాంగం ప్రకారం శాసనసభ్యుడి పని చట్టాలు చేయడం, ప్రభుత్వాన్ని ప్రశ్నించడం. ఆచరణలో మన ఎమ్మెల్యే నియోజకవర్గంలో అనధికార పాలకుడిలా వ్యవహరిస్తాడు. పోలీసు అధికారి బదిలీ, కాంట్రాక్టు, పింఛను – అన్నింటిలో ఆయన మాట ఉంటుంది. ముఖ్యమంత్రి పదవి ఎమ్మెల్యేల మద్దతు మీద నిలబడి ఉంది కనుక వారిని కాదనలేడు. ప్రశ్నించాల్సినవారే పాలనలో వాటాదారులయ్యారు.

దీనికి ఆయన సూచించిన మార్గం, రాష్ట్ర స్థాయిలో ప్రభుత్వాధినేతను ప్రజలే నేరుగా ఎన్నుకోవడం, శాసనసభను వేరుగా ఎన్నుకోవడం. ఎమ్మెల్యే ప్రభుత్వాన్ని నిలబెట్టలేడు, పడగొట్టలేడు. కాబట్టి కోట్లు ఖర్చుపెట్టి ఎమ్మెల్యే కావాలన్న ఆకర్షణ తగ్గుతుంది, ఫిరాయింపులకు అర్థం ఉండదు.

ప్రత్యక్ష ఎన్నిక అంటే ఏమిటో మీ గ్రామంలోనే చూడవచ్చు. మన రాష్ట్రాల్లో సర్పంచ్‌ను ఓటర్లే నేరుగా ఎన్నుకుంటారు. హైదరాబాద్ నగర మేయర్‌ను కూడా 2002లో ప్రజలు నేరుగా ఎన్నుకున్నారు. 2009 నుంచి మళ్లీ పరోక్ష పద్ధతి వచ్చింది.

5.4.5 స్థానిక ప్రభుత్వాలు

ఆయన ప్రతిపాదనల్లో సామాన్యుడి జీవితానికి అన్నిటికంటే దగ్గరైనది ఇదే. 73, 74వ రాజ్యాంగ సవరణలు 1993లో అమలులోకి వచ్చాయి. పదకొండవ షెడ్యూలులో పంచాయతీలకు 29 అంశాలు, పన్నెండవ షెడ్యూలులో పురపాలక సంస్థలకు 18 అంశాలు చేర్చారు. కాని ఆ అంశాలను బదిలీ చేయాలా, ఎంతవరకు చేయాలి అన్నది రాష్ట్ర శాసనసభల ఇష్టానికి వదిలారు. ఎన్నికలు తప్పనిసరి అయ్యాయి, అధికారాలు మాత్రం కాలేదు.

ముషీరాబాద్ ప్రాంతాన్నే ఉదాహరణగా తీసుకుందాం. హుస్సేన్‌సాగర్ మిగులు నీటి నాలా అశోక్‌నగర్, బాగ్‌లింగంపల్లి మీదుగా ప్రవహిస్తుంది. పెద్ద వాన పడితే ఒడ్డున ఉన్న బస్తీల్లోకి నీళ్లు వస్తాయి. ఎవరిని అడగాలి? సాగర్ నిర్వహణ హైదరాబాద్ మహానగర అభివృద్ధి సంస్థది. నాలా నగరపాలక సంస్థది. అందులో కలిసే మురుగునీటి బాధ్యత జలమండలిది. వీధిలో కరెంటు పోతే విద్యుత్ పంపిణీ సంస్థ, ట్రాఫిక్ ఆగితే పోలీసు శాఖ, నారాయణగూడ నుంచి ముషీరాబాద్ వరకు మన నెత్తిమీదుగా పోయే మెట్రో రైలుది మరొక సంస్థ. వీటిలో చాలావరకు రాష్ట్ర ప్రభుత్వం కింద ఉన్నాయి. మీరు ఓటేసి గెలిపించిన కార్పొరేటరుకు వీటిలో దేనిమీదా ఆజ్ఞాపించే అధికారం లేదు. నగరపాలక సంస్థలో సైతం కార్యనిర్వహణ అధికారం ప్రధానంగా రాష్ట్ర ప్రభుత్వం నియమించే కమిషనర్‌ది, మేయర్‌ది కాదు.

ఇప్పుడు 5.3లోని మూడవ సంబంధాన్ని గుర్తు చేసుకోండి. ఇంట్లోకి నీళ్లొచ్చిన మనిషి కార్పొరేటరును నిలదీస్తాడు. నిలదీయడం న్యాయమే. కాని ఆ కార్పొరేటరు "నా చేతిలో ఏముంది?" అంటే అదీ నిజమే. ఇద్దరూ నిజమే చెబుతున్నారు, నీళ్లు మాత్రం ఇంట్లోనే ఉన్నాయి.

దీనికి జయప్రకాశ్ నారాయణ్ సూచించినవి: స్థానిక ప్రభుత్వాలకు జనాభాను బట్టి తలసరి నిధులు నేరుగా ఇవ్వడం, సిబ్బందిపై అధికారం ఇవ్వడం, వార్డు స్థాయిలో ప్రజలకు పాత్ర కల్పించడం. మూడు లక్షలు, అంతకుమించి జనాభా ఉన్న పురపాలక ప్రాంతాల్లో వార్డు కమిటీలు ఉండాలని రాజ్యాంగంలోని 243ఎస్ అధికరణం ఇప్పటికే చెబుతోంది.

5.4.6 సమాజ సంస్కరణ: విద్య, ఆరోగ్యం, సత్వర న్యాయం

పుట్టుక మనిషి భవిష్యత్తును నిర్ణయించకూడదన్నది ఆయన సామాజిక ఆలోచనలకు కేంద్రం. నాణ్యమైన పాఠశాల విద్య, అందుబాటులో ప్రాథమిక వైద్యం, త్వరగా దొరికే న్యాయం – ఈ మూడూ అందితే పేద కుటుంబంలో పుట్టిన బిడ్డ తన కాళ్ల మీద తాను నిలబడగలదని ఆయన వాదించారు. చిన్న వివాదాలు స్థానికంగా, స్థానిక భాషలో, తక్కువ కాలంలో తేలాలన్న ఆలోచనకు దగ్గరగా 2008లో గ్రామ న్యాయాలయాల చట్టం వచ్చింది. అది 2009 అక్టోబరు 2 నుంచి అమలులోకి వచ్చింది. అయితే ఈ న్యాయాలయాల స్థాపన రాష్ట్రాల చొరవకు వదలడంతో దేశమంతటా సమానంగా జరగలేదు.

మీ ప్రగతిని పరీక్షించుకోండి – 1
అ) తెగిపోయాయని జయప్రకాశ్ నారాయణ్ చెప్పిన మూడు సంబంధాలు ఏవి?
ఆ) దామాషా ప్రాతినిధ్యం వల్ల ఎన్నికల్లో డబ్బు పాత్ర తగ్గుతుందని ఆయన ఎందుకు భావించారు?

5.5 ఏవి నెరవేరాయి? ఏవి ఆగిపోయాయి?

పై ప్రతిపాదనలను రెండు వరుసలుగా రాసుకోండి.

మొదటి వరుస, చట్టమైనవి: అభ్యర్థుల వివరాల వెల్లడి (2002–03), పార్టీ విరాళాల చట్టం (2003), గ్రామ న్యాయాలయాల చట్టం (2008). 2005లో వచ్చిన సమాచార హక్కు చట్టాన్ని కూడా ఇక్కడ చేర్చవచ్చు. అయితే దాని వెనుక రాజస్థాన్‌లోని మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ మొదలుకొని ఎన్నో ఉద్యమాల కృషి ఉంది. నిజానికి ఈ వరుసలో ఉన్నవేవీ ఒక్క వ్యక్తి ఘనతలు కావు. ఒక పౌరుడి ఆలోచన అనేకమంది కృషితో కలిసినప్పుడే చట్టమయింది.

రెండవ వరుస, ఆగిపోయినవి: దామాషా ప్రాతినిధ్యం, రాష్ట్ర ప్రభుత్వాధినేత ప్రత్యక్ష ఎన్నిక, స్థానిక ప్రభుత్వాలకు నిజమైన నిధులు, అధికారాలు.

ఈ రెండు వరుసల మధ్య తేడా ఏమిటి? మొదటి వరుసలోనివి పౌరుడి చేతికి సమాచారాన్నో, ఒక సౌకర్యాన్నో ఇస్తాయి. అధికారంలో ఉన్నవారి నుంచి పెద్దగా ఏమీ తీసుకోవు. కొన్నింటిని న్యాయస్థానం ఆదేశించగలదు కూడా. రెండవ వరుసలోనివి అధికారాన్ని ఒకరి చేతి నుంచి మరొకరి చేతికి మారుస్తాయి. దామాషా పద్ధతికి పార్లమెంటు ఒప్పుకోవాలి. అందులో ఉన్నవారంతా పాత పద్ధతిలో గెలిచినవారే. స్థానిక సంస్థలకు అధికారం ఇవ్వాల్సింది శాసనసభ. కోల్పోయేది ఎమ్మెల్యేలు, మంత్రులు. అధికారాన్ని వదులుకోవాల్సినవారి సంతకమే ఆ సంస్కరణకు కావాలి. అందుకే అది ముందుకు కదలదు.

మొదటి వరుస చాలు కదా, ఓటరుకు సమాచారం ఉంటే చెడ్డవారు ఓడిపోతారు కదా అని మీరు అడగవచ్చు. లెక్కలు చూడండి. ప్రజాస్వామ్య సంస్కరణల సంఘం అఫిడవిట్లను పరిశీలించి చెప్పినదాని ప్రకారం, తమపై క్రిమినల్ కేసులున్నాయని ప్రకటించిన లోక్‌సభ సభ్యులు 2009లో 30 శాతం, 2014లో 34 శాతం, 2019లో 43 శాతం, 2024లో 46 శాతం. కేసు ఉన్నంత మాత్రాన నేరస్థుడని కాదు. వాటిలో రాజకీయ ఆందోళనల కేసులూ ఉంటాయి. అయినా సమాచారం పెరిగిన కాలంలోనే ఈ సంఖ్య కూడా పెరిగిందన్నది వాస్తవం.

ఎందుకిలా? రేషన్ కార్డు, ఆస్పత్రిలో మంచం, పోలీస్ స్టేషన్‌లో న్యాయం నియమం ప్రకారం దొరకని చోట, వాటిని ఇప్పించగల 'బలమైన మనిషి' ఓటరుకు అవసరమవుతాడు. అతని మీద కేసులున్నాయని తెలిసినా ఓటు వేస్తాడు. అది అజ్ఞానం కాదు, అవసరం. సేవ హక్కుగా అందే వరకు సమాచారం ఒక్కటే ఫలితమివ్వదు. అంటే మొదటి వరుస నిజంగా పనిచేయాలంటే రెండవ వరుస కావాలి. ఈ పాఠంలో మీరు గుర్తుంచుకోవాల్సిన ముఖ్య విషయం ఇదే.

5.6 విమర్శలు

ఏ ఆలోచననైనా దాని ప్రత్యర్థుల మాట కూడా విన్న తరువాతే అంచనా వేయాలి.

(1) సామాజిక అధికారం: నియమాలు మారితే చాలునన్న వాదన కులం, భూమి, సంపద రూపంలో ఉన్న అధికారాన్ని తక్కువగా అంచనా వేస్తుందన్నది ప్రధాన విమర్శ. 1949 నవంబరు 25న రాజ్యాంగ సభలో డాక్టర్ అంబేద్కర్ రాజకీయాల్లో సమానత్వం, సామాజిక ఆర్థిక జీవితంలో అసమానత్వం అనే వైరుధ్యాన్ని గురించి హెచ్చరించారు. గ్రామానికి అధికారం ఇస్తే అది గ్రామంలోని బలవంతుల చేతికే పోవచ్చు. స్థానిక సంస్థల్లో ఎస్సీ, ఎస్టీ, మహిళా రిజర్వేషన్లు దీనికి పాక్షిక సమాధానం మాత్రమే.

(2) వ్యక్తి ఆరాధన: ప్రత్యక్షంగా ఎన్నికైన రాష్ట్రాధినేత మరింత బలవంతుడై, శాసనసభను లెక్కచేయకపోవచ్చు. పైగా పార్లమెంటరీ విధానాన్ని రాష్ట్రాల్లో మార్చడం రాజ్యాంగ మౌలిక స్వరూపానికి విరుద్ధమన్న అభ్యంతరం రావచ్చు.

(3) సుస్థిరత: దామాషా పద్ధతిలో పార్టీల సంఖ్య పెరిగి ప్రభుత్వాలు బలహీనపడవచ్చు. జాబితాలు తయారుచేసే పార్టీ అధినేతల పెత్తనం పెరగవచ్చు. అంతర్గత ప్రజాస్వామ్యం లేని పార్టీలున్న మన దేశంలో ఇది చిన్న ప్రశ్న కాదు.

(4) ఎన్నికల పరీక్ష: 2009లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో లోక్‌సత్తా పార్టీకి 2 శాతం లోపు ఓట్లు, 294లో ఒక్క స్థానం వచ్చాయి. నగరాల్లోని చదువుకున్న మధ్యతరగతిని దాటి ఆ పార్టీ వెళ్లలేకపోయిందని విమర్శకులు అంటారు. పద్ధతే అలాంటి పార్టీలకు అడ్డని సమర్థకులు అంటారు. జర్మనీ తరహా 5 శాతం నియమం ఉన్నా ఆ ఓట్లతో స్థానాలు దక్కవని కూడా గమనించండి. దామాషా ప్రతిపాదన వల్ల ప్రతిపాదించినవారికే వెంటనే లాభమని చెప్పలేం.

5.7 మీరే పరిశీలించండి

సంస్కరణ అనే మాట వార్తల్లో విన్నప్పుడల్లా మూడు ప్రశ్నలు వేసుకోండి.

ఒకటి: దీనివల్ల అధికారం ఎవరికి తగ్గుతుంది? ఎవరికీ తగ్గకపోతే అది సంస్కరణ కాదు, కొత్త పథకం.

రెండు: ఇది జరగడానికి ఎవరి అంగీకారం కావాలి? కోర్టు తీర్పు చాలా, మామూలు చట్టం చాలా, రాజ్యాంగ సవరణ కావాలా?

మూడు: మా వీధిలో ఒక మనిషికి దీనివల్ల ఏమి తేడా కనిపిస్తుంది? సమాధానం ఒక్క వాక్యంలో చెప్పలేకపోతే ఆ ప్రతిపాదనకు ప్రజల మద్దతు దొరకడం కష్టం.

ఇప్పుడు ఒక అభ్యాసం. మీ వార్డులో లేదా గ్రామంలో ఒక సమస్యను ఎంచుకోండి. దానికి బాధ్యత ఏ ఏ సంస్థలదో రాయండి. ప్రతి సంస్థ పక్కన, దాని అధిపతిని ఎవరు నియమిస్తారో లేదా ఎన్నుకుంటారో రాయండి. అవసరమైతే సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. పది రూపాయల రుసుము, తెల్లకాగితం చాలు. సాధారణంగా 30 రోజుల్లో సమాధానం ఇవ్వాలి. చివరికి మీ కాగితం మీద ఎన్నికైనవారు ఎందరు, నియమితులు ఎందరు తేలుతారో లెక్కపెట్టండి. 74వ సవరణ గురించి ఆ ఒక్క కాగితం మీకు నేర్పేది ఎక్కువ.

మీలో కొందరు రేపు అధికారులవుతారు. అప్పుడు అధికారాన్ని కిందికి వదలాల్సిన స్థానంలో మీరే ఉంటారు. ఈ ప్రశ్నలు ఆ రోజుకు కూడా పనికొస్తాయి.

5.8 సారాంశం

వ్యక్తులను మార్చడం కంటే నియమాలను మార్చడం ముఖ్యమని జయప్రకాశ్ నారాయణ్ వాదించారు. ఓటు–ప్రయోజనం, పన్ను–సేవ, అధికారం–జవాబుదారీతనం మధ్య సంబంధాలను పునరుద్ధరించడం ఆయన లక్ష్యం. సమాచారానికి సంబంధించిన సంస్కరణలు నెరవేరాయి. అధికారాన్ని పంచే సంస్కరణలు, వాటికి అంగీకరించాల్సినవారే వాటివల్ల నష్టపోయేవారు కావడంతో ఆగిపోయాయి. ఆ అడ్డంకిని దాటాలంటే కోర్టు తీర్పులు చాలవు. సంస్కరణ తమకే కావాలని అడిగే ఓటర్లు తగినంతమంది ఉండాలి.

కీలక పదాలు

దామాషా ప్రాతినిధ్యం: పార్టీకి వచ్చిన ఓట్ల నిష్పత్తిలో స్థానాలు కేటాయించే పద్ధతి.
అఫిడవిట్: అభ్యర్థి ప్రమాణపూర్వకంగా ఇచ్చే వివరాల పత్రం.
అధికార వికేంద్రీకరణ: నిధులు, విధులు, సిబ్బందిని పైస్థాయి ప్రభుత్వం నుంచి స్థానిక ప్రభుత్వానికి బదిలీ చేయడం.
జవాబుదారీతనం: అధికారాన్ని వినియోగించిన తీరుకు ప్రజలకు సమాధానం చెప్పాల్సిన బాధ్యత.

మాదిరి పరీక్షా ప్రశ్నలు

I. ఈ ప్రశ్నలకు 30 పంక్తుల్లో సమాధానం రాయండి.
1. జయప్రకాశ్ నారాయణ్ సంస్కరణ ప్రతిపాదనలను వివరించి, వాటిపై వచ్చిన విమర్శలను చర్చించండి.
2. "సమాచారం ఒక్కటే రాజకీయాలను శుద్ధి చేయలేదు." ఉదాహరణలతో పరిశీలించండి.

II. ఈ ప్రశ్నలకు 10 పంక్తుల్లో సమాధానం రాయండి.
1. అభ్యర్థుల వివరాల వెల్లడిపై 2002, 2003 సుప్రీంకోర్టు తీర్పులు.
2. 2019, 2024 ఆంధ్రప్రదేశ్ ఎన్నికల ఫలితాల ఆధారంగా మన ఎన్నికల పద్ధతి లక్షణాన్ని తెలపండి.
3. నగరపాలనలో బాధ్యత అనేక సంస్థల మధ్య చీలిపోవడం వల్ల పౌరుడికి కలిగే ఇబ్బంది.